కొండచాటు రేవు

ప్రతిదినము రాత్రి మత్స్యకారులకు ఉద్దేశింపబడిన వాతావరణ సూచనను చదువుట మా విధులలో ఒకటి. గాలి ఏ దిక్కునుండి వీచునో, గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమున వీచునో, కెరటములు ఎంత ఎత్తున లేచునో అందులో ఉండును. వేటకు పోవచ్చునా, పోరాదా అనునది చివరి వాక్యము. కాగితము చేతికి వచ్చును, గొంతు సవరించుకొందుము, చదువుదుము, తరువాతి కార్యక్రమమునకై గడియారము వంక చూతుము. పదునెనిమిది సంవత్సరములుగా ఇట్లే జరుగుచున్నది. ఆ మాటలలోని గాలిని గాని, కెరటమును గాని మేము ఎన్నడును ఒంటిమీద ఎరుగమని ఒప్పుకొనుట సిగ్గుచేటే. అయినను అది నిజము.

ఈ మధ్య ఒక శ్రోత వ్రాసిన ఉత్తరము మమ్ము కదలించినది. వారిది సముద్రమునకు దూరమైన మెట్టప్రాంతము. రేడియోలో సముద్రము సంగతి వినివిని పిల్లలకు దానిని చూపవలెనని కోరిక పుట్టినదట. జనసమ్మర్దము లేని చిన్న తీరము, తెరచాప పడవ ఎక్కుటకు వీలు, ఒడ్డు వెంబడి నడచుటకు దారి, అన్నిటికంటె ముఖ్యముగా పిల్లలకు ప్రమాదము లేని చోటు ఎక్కడనైన కలదా అని వారి ప్రశ్న. పుస్తకములు తిరుగవేసి జాబు వ్రాయవచ్చును. కాని ఈ మారు స్వయముగా పోయి చూడవలెనని తోచినది. ధ్వనిముద్రణ చేయు మిత్రుని వెంటబెట్టుకొని, మాఘమాసమున ఒకనాటి తెల్లవారుజామున విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు పోవు తీరమార్గమున బయలుదేరితిమి.

దక్షిణమున పులికాట్ మొదలు ఉత్తరమున ఇచ్ఛాపురము వరకు మన తీరము వేయి కిలోమీటర్లకు అటునిటుగా ఉన్నది. అందులో చాటున్న రేవులు బహు తక్కువ. కృష్ణాగోదావరులు తెచ్చి పోసిన ఒండ్రుమట్టితో ఏర్పడిన తీరము పల్లముగా, తాడు పట్టి లాగినట్లు ఉండును. వచ్చిన గాలి వచ్చినట్లే, లేచిన కెరటము లేచినట్లే ఒడ్డును కొట్టును. కాకినాడకు మాత్రము హోప్ ఐలండను ఇసుకతిన్నె అడ్డుపడి చాటు కల్పించినది. తక్కినచోట చాటు కావలెనన్న కొండ కావలెను. తూర్పు కనుమల పాయలు సముద్రమును నిజముగా తాకునది విశాఖ ప్రాంతముననే. డాల్ఫిన్స్ నోస్, కైలాసకొండ, ఋషికొండ, తొట్లకొండ, భీమిలి నరసింహస్వామి కొండ: ఇవి ఒకదాని వెనుక ఒకటిగా తీరమునకు వచ్చి నిలిచినవి. వీని శిలకు ఖొండలైటని పేరు. ఒరిస్సా కొండలలోని ఖోండుజాతి పేరు మీదుగా భూవిజ్ఞానులు పెట్టిన పేరది. ఈ కొండల పాదములు రాతిమొనలై నీటిలోనికి పొడుచుకొని వచ్చిన చోటులలో, ఒక మొనకును మరియొక మొనకును నడుమ, చంద్రవంక ఆకృతిలో ఇసుకతీరములు ఏర్పడినవి. మేము దిగిన మంగమారిపేట అట్టిదే. తొట్లకొండ క్రింద, మార్గమునకు సముద్రమునకు నడుమ, జాలరుల ఇండ్లు. వాని ముందు ఆరవేసిన వలలు. ఇసుకమీద వరుసగా లాగిపెట్టిన పడవలు. దక్షిణపు కొనను నల్లని రాళ్లగుంపు ఒకటి సముద్రములోనికి సాగియున్నది. దాని చాటుననే ఆ ఊరి రేవు.

ఆ రాళ్లకు అవతల కెరటములు పెళపెళ విరుగుచుండగా, ఇవతల అవే కెరటములు అలసినట్లు వచ్చి ఇసుకను తాకి మరలుచుండెను. రాళ్లు అడ్డుగోడవలె ఆపుచున్నవని మొదట తలచితిమి. అది సగమే నిజము. గోడ ఎక్కడికి ఉండునో అక్కడికే ఆపును. కాని రాతిమొన దాటిన తరువాత కూడ కొంత దూరమువరకు నీరు నెమ్మదిగనే ఉన్నది. దీని కారణము తెలియవలెనన్న ఎద్దుబండిని తలచుకొనవలెను. గట్టి బాటమీద పోవు బండి ఒక చక్రము ప్రక్కనున్న ఇసుకలో దిగినచో, ఆ చక్రము నెమ్మదించును. రెండవది మునుపటి వేగముననే పోవును. బండి ఇసుకవైపునకు తిరిగిపోవును. కెరటము సంగతియు ఇంతే. దాని నడక నీటి లోతునుబట్టి ఉండును. 10 మీటర్ల లోతున సెకనుకు సుమారు 10 మీటర్ల వేగమున వచ్చు కెరటము, రెండున్నర మీటర్ల లోతునకు వచ్చునప్పటికి అందులో సగము వేగమున మాత్రమే పోగలదు. రాతిమొన చుట్టు నీరు లోతు తక్కువ. కావున అక్కడ తగిలిన కెరటపు భాగము వెనుకబడును, తక్కిన భాగము ముందుకు పోవును, మొత్తము కెరటము మొనవైపు వంగును. ఆ వంగుటలో దాని బలమెల్ల రాళ్లమీద గుమిగూడును. మొన చుట్టు తిరిగి లోపలికి వచ్చునది మాత్రము విసనకర్రవలె విచ్చుకొని, కొలది బలమును ఎక్కువ ఒడ్డుమీద పంచుకొనవలసివచ్చును. కొండ కొనలు బోడిరాళ్లుగా మిగులుట, వాని నడుమ ఇసుక నిలుచుట ఇందుచేతనే.

ఇంతవరకు పుస్తకములలో ఉన్నదే. పుస్తకములలో ఉండి కూడ మాకు పట్టనిది తరువాత జరిగినది.

మా మిత్రునకు అలల సవ్వడి కావలెను. రేవు మొత్తము చూచినచో, కెరటములు రెండుచోట్ల తెల్లని నురుగుతో విరుగుచున్నవి. ఆ రెండింటి నడుమ పది పదునైదు అడుగుల వెడల్పున నీరు నల్లగా, నునుపుగా, నిద్రించుచున్నట్లు ఉన్నది. హోరు తక్కువగా, మృదువుగా వినబడునది అచ్చటనే. చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, ధ్వనియంత్రము పైకెత్తి పట్టుకొని, ఆ నిశ్శబ్దమైన నీటిలోనికి ఆయన దిగెను. మోకాలిలోతున నిలిచెను, మరి రెండడుగులు వేసెను. ఒడ్డున వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొకడు లేచి నిలిచి పెట్టిన కేక మాకు వినబడినది గాని, చెవులు మూసికొన్న ఆయనకు వినబడలేదు. వృద్ధుడు పరుగెత్తెను. అతడు చేయి పట్టునప్పటికి మా మిత్రుని కాళ్లక్రింద ఇసుక జారిపోవుచుండెను. నీరు నడుమువరకు వచ్చినది. ఇద్దరును ఒడ్డుకు సూటిగా రాలేదు. వృద్ధుడు ఆయనను ప్రక్కకు, నురుగున్న వైపునకు లాగుకొనిపోయెను. అక్కడ కెరటములే వెనుకనుండి నెట్టి ఇద్దరిని ఒడ్డున వేసినవి.

"నీళ్లు నిమ్మళంగా ఉన్నసోట దిగుతారా బాబూ? అదే లాగేసేది. తెల్లగా ఇరిగేసోటే నయం, ఒడ్డుకి తోస్తాది" అని వృద్ధుడు మమ్ము మందలించెను. ఆ కేకయు, పరుగెత్తిన చప్పుడును, ఈ మందలింపును మా ధ్వనిముద్రణలో ఉన్నవి. మృదువైన అలల సవ్వడి మాత్రము లేదు.

అనంతరము అతడు కొబ్బరిపీచు ఒక దోసెడు తెచ్చి ఆ నునుపైన నీటిలో వేసెను. అది కెరటములతో ఒడ్డునకు వచ్చునని చూచుచున్న మాకు ఆశ్చర్యమే మిగిలినది. మేము ఏబది అంకెలు లెక్కించునంతలో పీచు కెరటములు విరుగు వరుసను దాటి లోపలికి పోయినది. సముద్రమునుండి ఒడ్డునకు కెరటముల వెంట నిరంతరము నీరు చేరుచుండును. చేరిన నీరు తిరిగి పోవలెను గదా! నీటి అడుగున ఇసుకగట్టు ఎక్కడ తెగియున్నదో అక్కడ, కాలువకు గండి పడినట్లు, ఆ నీరంతయు ఇరుకుగా కూడి లోపలికి పరుగెత్తును. గండిలో లోతు ఎక్కువ. లోతున్నచోట కెరటము విరుగదు. విరుగనందున నీరు నిర్మలముగా కనబడును. ఈత రానివాడు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చినవాడు ఎన్నుకొనునది సరిగా అదే చోటు. ఈ ప్రవాహము ఒక్కొక్కప్పుడు సెకనుకు రెండు మీటర్ల వేగమును కూడ అందుకొనును. ఎంత గొప్ప ఈతగాడైనను దానికి ఎదురీది గెలువలేడు. అది మనుష్యుని అడుగునకు లాగదు, లోపలికి మాత్రమే లాగును. దాని వెడల్పు కొలదియే. కనుక ఒడ్డువైపునకు పెనుగులాడక, ఒడ్డుకు సమాంతరముగా ప్రక్కకు ఈదినచో బయటపడవచ్చును. అలసినవాడు వెల్లకిల తేలుచు చేయి ఎత్తి కేకవేయవచ్చును. విశాఖ తీరమున ఏటేట స్నానమునకు దిగి ప్రాణములు కోల్పోవువారు ఉన్నారు. వారిలో చాలమంది ఊరిబయటి వారు, యువకులు. అందువలన ఈ సంగతిని తక్కిన ముచ్చట్లకంటె ముందు చెప్పితిమి.

మరి చాటు ఉండి ప్రయోజనమేమని శ్రోతలు అడుగవచ్చును. చాటు పడవకు గాని స్నానమునకు కాదు. జాలరి కొండచాటును ఎన్నుకొన్నది పడవను నీటిలోనికి దించుటకు, మరల ఒడ్డునకు చేర్చుటకు. విరుగు కెరటముల వరుసను దాటుట పడవకు దినములోని గండము. చాటున్నచోట ఆ వరుస పలుచన. పైగా మనలను భయపెట్టిన ఆ గండినే వారు దారిగా వాడుకొందురు: పోవునపుడు ఆ ప్రవాహము పడవను తనంతట తానే లోపలికి తీసికొనిపోవును, వచ్చునపుడు దానిని తప్పించి నురుగు మీదుగా వత్తురు. ఒకే నీరు మనకు మృత్యువు, వారికి కూలి అడుగని సహాయకుడు.

చాటు సంవత్సరమంతయు ఉండునది కూడ కాదు. మన తీరము ఇంచుమించుగా నైరుతినుండి ఈశాన్యమునకు సాగుచున్నది. వేసవిలోను, జూను మొదలు సెప్టెంబరు వరకు గల నైరుతి ఋతుపవన కాలములోను పెద్ద కెరటములు దక్షిణదిక్కునుండి వచ్చును. అప్పుడు దక్షిణపు రాతిమొన రేవును కాచును. అక్టోబరు మొదలు గాలి తిరుగును. ఈశాన్యమునుండియు తూర్పునుండియు వచ్చు కెరటములకు అదే మొన వెనుకబడిపోవును. రేవు నోరు తెరచినట్లు తూర్పునకు బట్టబయలుగా ఉండును. తుపానుల కాలమును అదే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగముతో విశాఖవద్ద తీరమును దాటినప్పుడు ఏ మొనయు ఏ రేవును కాచినది కాదు. గాలితోబాటు ఇసుకయు తిరుగును. 1950ల దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లఫాండు, ఇక్కడి పండితులతో కలిసి వాల్తేరు తీరమున ఇసుక ఏ ఋతువున పోవునో, ఏ ఋతువున మరల వచ్చి చేరునో కొలిచి చూచెను. ఇసుక కదలినచో నీటి అడుగున గండియు చోటు మారును. పోయిన సంవత్సరము క్షేమముగా స్నానము చేసితిమి అనుట ఈ సంవత్సరమునకు సాక్ష్యము కాదు.

వృద్ధునితో మా పరిచయము ఈ విధముగా మందలింపుతో ప్రారంభమైనను, మా కోరిక విని అతడు నవ్వెను. తెరచాప వేసి వేటకు పోవువారు ఇప్పుడు అరుదు. మోటారు యంత్రములు వచ్చిన తరువాత చాప మూలబడినది. పూర్వపు తెప్పయు మారినది. తేలికైన కలప దుంగలను చెక్కి, త్రాళ్లతో బిగించి, వేటనుండి వచ్చిన పిదప విడదీసి ఎండబెట్టువారు. ఆంగ్లేయులు కెటమరాను అనునది తమిళుల కట్టుమరమను మాటయే: కట్టిన మ్రాను అని అర్థము. నేడు ప్రపంచమంతట విలాసముగా తిరుగు జంట పడవలకు ఆ పేరే పెట్టుకొన్నారు. దుంగలను మాత్రము విడిచిపెట్టినారు. ఇప్పుడు మంగమారిపేటలో ఉన్నవి ఫైబరు తెప్పలు. వృద్ధుని తెప్పకును ఒక చిన్న యంత్రము కలదు. అయినను చమురు అయిపోయినచో ఇంటికి చేర్చునది ఇదే యని, నీలిరంగు పట్టాను కుట్టి చేసిన చాపనొకదానిని వెదురుకొయ్యకు చుట్టి పడవలో ఉంచుకొనును. మేము తెచ్చుకొన్న లైఫ్‌జాకెట్లు తొడుగుకొని, చాపతోనే పోవలెనని బ్రతిమాలగా అంగీకరించెను. మనుమడు తెడ్డు పట్టెను.

సూర్యోదయమునకు కొంత ముందు గాలి కొండవైపునుండి నీటివైపునకు వీచుచుండెను. రాత్రి నేల త్వరగా చల్లబడును, నీరు నిదానముగా చల్లబడును. బరువైన చల్లగాలి నేలమీదనుండి సముద్రముమీదికి జారును. పగటివేళ నేల వేడెక్కిన పిదప ఇది తిరుగబడి, సముద్రపుగాలి ఒడ్డునకు వీచును. చలికాలమున ఈ రెండు గాలులును గడియారమువలె నడచును. నేలగాలితో పోవుట, సముద్రపుగాలితో మరలుట: యంత్రములు లేని దినములలో జాలరి బ్రతుకంతయు ఈ రెండు గాలుల నడుమనే గడచినది. తెల్లవారుజామున బయలుదేరుటయు, మధ్యాహ్నమునకు చేపలు ఒడ్డు చేరుటయు వారి అలవాటు కాదు, గాలి పెట్టిన వేళ.

మేము లోపలికి పోయిన దూరము ఎక్కువ కాదు. వెనుకనుండి గాలి త్రోయగా తెప్ప తిన్నగా పోయినది. అది వింతగా తోచలేదు. వింత తిరుగుప్రయాణమున ఉన్నది. అప్పటికి నేలగాలి తగ్గి, మేము పోదలచిన దిక్కునకు అడ్డముగా, ప్రక్కనుండి సన్నని గాలి సాగినది. ప్రక్కగాలితో పడవ ప్రక్కకు కొట్టుకొనిపోవలెను గాని ముందుకెట్లు పోవును? వృద్ధుడు చాపను కొంచెము వాల్చి కట్టి, పలక నొకదానిని ప్రక్కన నీటిలోనికి దింపెను. తడిసిన చింతగింజను రెండు వేళ్ల నడుమ నొక్కినచో అది ముందుకు జారిపోవుట మనమందరమును చిన్నతనమున చూచినదే. ఇక్కడ ఒక వేలు గాలి, రెండవ వేలు పలకను అడ్డగించు నీరు. ప్రక్కకు పోవుటకు వీలులేక పడవ ముందుకు జారును. గాలికి సూటిగా ఎదురుపోవుట మాత్రము ఏ చాపకును సాధ్యము కాదు. అట్టియెడ కొండమీదికి ఘాటురోడ్డు వేసినట్లు, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఏటవాలుగా పోవుచు ఎదురుగాలిని ఎక్కవలెను. యంత్రపు మోత లేనందున తెప్ప అడుగున నీటి గలగల, కొయ్యకు చాప కొట్టుకొను సన్నని చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు. మా మిత్రుడు తనకు కావలసిన ధ్వని ఇదేనని సంజ్ఞ చేసెను.

ఒడ్డు అంత దూరమునుండి చూచిన పిదప వృద్ధుడు కొండలను చూపి లెక్క చెప్పెను. దగ్గరి కొండకొన దూరపు కొండమీది గుర్తుతో ఒకే గీతలో కనబడినచో మనము ఆ గీతమీద ఉన్నామన్నమాట. మరియొక దిక్కున ఇట్టి గీత ఇంకొకటి చూచుకొన్నచో రెండును కలియు చోటు మనమున్న చోటు. నీటిలోపలి రాళ్లగుట్ట ఎక్కడనున్నది, చేప ఏ నెలలో అక్కడికి చేరును అనునవి ఈ గీతలతోనే గుర్తుంచుకొందురు. మనుమనికి సెల్‌ఫోనులో అదే సంగతి అంకెలలో కనబడును. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమునుండి కెరటముల ఎత్తును, చేపలు దొరకు తావులను తెలుపు సూచనలు ఆ ఫోనుకు వచ్చుచున్నవి. సముద్రము లేని ఊరు సముద్రమునుగూర్చి చెప్పుట విని నవ్వితిమి గాని, మేము చేయుచున్నది అంతకంటె భిన్నము కాదు.

మేము రేడియోవారమని తెలిసిన తరువాత వృద్ధుడు చెప్పిన మాట ఇది: "మీ మాట ఇంటన్నాం బాబూ. మీరు గాలి దిక్కు మొదట్నే గబగబా సెప్పేత్తారు. రేడియో గొంతు పెంచీలోగా అది అయిపోద్ది. ఎంత జోరో తరవాత. ఏ మూలో ముందు తెలవాల. దచ్చినమయితే ఈ రాయి కాత్తాది, తూరుపయితే కాయదు." కిలోమీటర్ల సంఖ్యను స్పష్టముగా పలుకుటకు మేము పడిన శ్రద్ధ అంతయు ఆ క్షణమున గుర్తుకు వచ్చినది. ఈ రేవువారికి 45 కిలోమీటర్ల దక్షిణపు గాలికంటె 30 కిలోమీటర్ల తూర్పుగాలి ఎక్కువ ప్రమాదము కావచ్చును. ఆ ఒక్కమాటను మేము ఇన్నియేండ్లు మింగుచు వచ్చితిమి.

ఒడ్డు చేరి, ఊరివారు ఇచ్చిన తేనీరు త్రాగి, నడకకు సిద్ధపడితిమి. నడక సంగతి కొంత ముందుగా ఆలోచించుకొనవలెను. దినమునకు రెండుమార్లు పోటు, రెండుమార్లు పాటు వచ్చును. ప్రతిదినము సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. అమావాస్యకు, పున్నమికి నీరు ఎక్కువగా వచ్చి ఎక్కువగా తీయును. ఒడ్డు వెంబడి నడచువారు పాటు సమయమును తెలిసికొని, అందుకు ఒక గంట ముందు బయలుదేరవలెను. అప్పుడు తడి ఇసుక గట్టిగా, బాటవలె ఉండును. పోటు సమయమున మెత్తని ఇసుకలో నడచువానికి ఒక మైలు రెండు మైళ్లగును. రాళ్లవద్ద దారియే ఉండదు.

మంగమారిపేటవద్ద రాతిమొనలో ప్రకృతి తొలిచిన తోరణమొకటి కలదు. కెరటములు బలమెల్ల మొనమీదనే చూపునని పైన చెప్పితిమి. రాతిలో మెత్తని పొర ఎక్కడ ఉన్నదో అక్కడ తొలుచుచు, రెండువైపుల తొలిచిన గుహలు కలిసినప్పుడు తోరణము మిగులును. నీరు తీసినప్పుడు దానిని దగ్గరగా చూడవచ్చును. పైకి ఎక్కవలదు, దానిని నిలిపియున్న రాయి ఎంత బలముగా ఉన్నదో చూచువారికి తెలియదు.

ఎదుటనున్న తొట్లకొండ మీదికి పోయిన గాని ఈ రేవు సంగతి పూర్తి కాదు. 1976లో నౌకాదళమువారి సర్వేలో బయటపడిన ఈ బౌద్ధక్షేత్రమును 1988 మొదలు కొన్ని సంవత్సరములు రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్విరి. రాతిలో తొలిచిన నీటి తొట్లవలన ఆ కొండకు ఆ పేరు. స్తూపములు, విహారముల పునాదులు, భిక్షువులు గుమిగూడు మండపపు గుర్తులు అక్కడ కలవు. దొరకిన నాణెములలో శాతవాహనుల సీసపు నాణెములతోబాటు రోమకుల వెండి నాణెములును ఉన్నవి. రెండువేల సంవత్సరములనాడు ఓడలెక్కిన వర్తకులు ఈ కొండను ఎరుగుదురనుటకు వేరే సాక్ష్యమేల? అంచున నిలిచి చూచినచో రాతిమొన, దాని చాటున నునుపైన నీరు, వెలుపల తెల్లని నురుగు ఒక్క చూపులో కనబడును. మా మిత్రుడు దిగిన నల్లని గండియు అక్కడనుండి స్పష్టముగా కనబడినది. ఒడ్డున నిలిచినప్పుడు కనబడనిది ఎత్తునుండి కనబడును. పిల్లలను నీటివద్దకు తీసికొనిపోవుటకు ముందు కొండ ఎక్కించుట మంచిది.

అక్కడనుండి ఉత్తరముగా భీమునిపట్టణము రెండుమూడు గంటల నడక. నౌకాదళమువారి స్థలము, హెచ్చరిక పలకలు ఎదురైనచోట ఒడ్డు విడిచి మార్గముమీదికి రావలెను. ఈ నెలలలో ఇసుకమీద చిన్న ట్రాక్టరు చక్రము పోయినట్టి జాడలు కనబడినచో అవి రాత్రి గ్రుడ్లు పెట్టుటకు వచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్లవి. ఒక్కొక్క గుంటలో నూరు గ్రుడ్లవరకు ఉండును. పిల్లలు వెలువడుటకు ఏడెనిమిది వారములు పట్టును. గుంటను త్రవ్వరాదు, కుక్కలను దగ్గరకు రానీయరాదు.

భీమిలికి నాలుగు కిలోమీటర్ల ఇవతల ఎర్రమట్టి దిబ్బలు వచ్చును. సముద్రపు నీలమును చూచి చూచి వచ్చిన కంటికి ఆ ఎరుపు ఒక్కసారిగా తగులును. వేలకొలది సంవత్సరముల క్రిందట, భూమిమీద మంచు పెరిగి సముద్రము ఎంతో దూరము వెనుకకు తగ్గియున్న కాలమున, బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసినది. రేణువులకు పట్టిన ఇనుపతుప్పు ఆ రంగునిచ్చినది. తరువాత వాననీరు కోసి లోతైన వాగులను, నిట్రమైన గోడలను చేసినది. ఇట్టి తీరపు ఎర్రఇసుక దక్షిణాసియాలో ఇక్కడగాక తమిళనాడులోను, సింహళమునను మాత్రమే కలదు. భూవిజ్ఞాన సర్వేక్షణవారు దీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి; 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలోను చేరినది. ఇంత ఘనత వచ్చిన తరువాత కూడ అంచులను పారలతో, యంత్రములతో తొలుచువారు కనబడుట మాకు బాధ కలిగించినది. వాగుల మొదళ్లలో నడువవచ్చును గాని గోడలక్రింద కూర్చుండరాదు. ఎండిన ఇసుక హెచ్చరిక లేకుండ జారును.

భీమిలిని గూర్చి వేరుగా ఒక ప్రసంగమే చేయవలెను. గోస్తనీనది సముద్రములో కలియు తావు, 17వ శతాబ్దమున వచ్చిన డచ్చివారి సమాధులు, దీపస్తంభము: ఇవన్నియు అరగంట నడకలో ఉన్నవి. 1861లో ఇక్కడ పురపాలక సంఘము ఏర్పడినది. ఓడలు ఇక్కడ ఒడ్డుకు రాలేవు. దూరమున లంగరు వేయగా, నారతో కుట్టిన మసూలా పడవలలో సరకును, మనుష్యులను కెరటములు దాటించి తెచ్చెడివారు. చీలలు కొట్టిన పడవ కెరటపు దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి ఓర్చుకొనును. 1933లో విశాఖలో ఓడరేవు తెరువబడిన తరువాత ఆ వైభవము అటు తరలినది.

ఇక ఉత్తరము వ్రాసిన శ్రోతకు మా జాబు. మంగమారిపేటకు రావచ్చును. డిసెంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. సూర్యోదయమునకే చేరవలెను, పది దాటిన పిదప నీడ లేదు. త్రాగునీరు, తలగుడ్డ, పాత చెప్పులు తెచ్చుకొనవలెను. విశాఖనుండి భీమిలికి పోవు బస్సులు ఈ తీరమార్గముననే పోవును. తెరచాప పడవ ఏర్పాటు చేయు కార్యాలయమేదియు లేదు. ఊరిలో పెద్దలనడిగి, వారు సముద్రమును చూచి సరే అన్న దినమున మాత్రమే, ప్రతి ఒక్కరును లైఫ్‌జాకెట్టు తొడుగుకొని ఎక్కవలెను. వారు కాదన్నచో బేరమాడరాదు. పిల్లలు చీలమండలలోతు దాటరాదు. ప్రమాదము లేని చోటు కలదా అని మీరు అడిగితిరి. ఈ రేవున నీరు నెమ్మదిగా ఉన్నది; దానికి ప్రమాదము లేదని మాత్రము మేము వ్రాయలేము. స్నానము చేయవలెనన్నచో ఈతగాండ్రు కాపలాయుండు ఋషికొండ తీరమున, వారు చూపిన హద్దులలో చేయుట మేలు.

మేము మరునాడు తిరిగి వచ్చితిమి. ఆ రాత్రి సూచన చదువవలసిన వంతు మాదే. కాగితమున ఉన్న మాటలను మార్చుటకు మాకు అధికారము లేదు గాని, ఒకమాటను రెండుమార్లు చదువరాదను నియమము ఎక్కడను లేదు. గాలి ఈశాన్యమునుండి అని ఉన్నది. ఈశాన్యమునుండి అని చదివి, ఒక క్షణము ఆగి, ఈశాన్యమునుండి అని మరల చదివి, తక్కినదానిలోనికి పోయితిమి.